కైండ్ ఆఫ్ బ్లూ ఒక్కదానికే ఇన్ని రకాల సీడీలా? ఏది తీసుకోవాలో చెప్పండి

కొత్తచెవి:

అందరికీ నమస్కారం. అటక మీద ఏళ్ల తరబడి పడున్న సీడీ ప్లేయర్‌ని దింపి తుడిచి పెట్టాను. ట్రే బయటికి రావడానికి కాస్త మొండికేస్తోంది గానీ పాట బాగానే వస్తోంది. దాంతోపాటు ఒక అట్టపెట్టెలో పదిహేను దాకా సీడీలు దొరికాయి, వాటిలో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ ఒకటి. అప్పటిదాకా జాజ్ అంటే నా దృష్టిలో లిఫ్టులో వినపడే సంగీతం, అంతకు మించి ఏమీ లేదు. ఒక రాత్రి లైట్లు తీసేసి ఊరికే పెట్టి చూశాను. మొదట పియానో, బేస్ రెండూ గుసగుసలాడుకుంటున్నట్టు ఏదో నడుస్తుంది, తర్వాత బేస్ ఒక మాట అంటుంది, మిగతావాళ్లంతా కలిసి రెండే రెండు స్వరాల్లో "ఊ" కొడతారు. మళ్లీ ఇంకో మాట, మళ్లీ "ఊ". ఆ పాట (పేరు సో వాట్ అట) అయ్యేదాకా కదల్లేదు.

సరే, ఇదే సీడీ ఒకటి కొని స్నేహితుడికి ఇద్దామని వెతికితే బుర్ర తిరిగిపోయింది. మామూలుది ఉంది, లెగసీ అని ఉంది, బంగారు రంగు డిస్క్ ఉంది, ఎస్ఏసీడీ అంటున్నారు, జపాన్‌ది అయితే పక్కన ఒక కాగితం పట్టీ కూడా ఉంటుందట, పైగా నాలుగు ఆల్బమ్‌లు కలిపి రెండు డిస్కుల్లో పెట్టినవి కూడా ఉన్నాయి. అన్నిట్లోనూ ఉన్నది అదే సంగీతం కదా, తేడా ఏంటి? నా సీడీ వెనకాల చిన్న డబ్బాలో ఏఏడీ అని మూడక్షరాలున్నాయి, అవేంటో కూడా తెలియదు.

నేను కలెక్టర్‌ని కాదు, అయ్యే ఉద్దేశం కూడా లేదు. స్నేహితుడికి ఏది ఇవ్వాలి, దీని తర్వాత నేను ఏవి వినాలి, సెకండ్ హ్యాండ్‌వి కొనొచ్చా, ఇంతే నా డౌట్లు.

రింగునంబర్లు:

కలెక్టర్‌ని కాదు అంటూనే వెనకాల మూడక్షరాలు చదివేశారు, ఇక మీ పని అయిపోయినట్టే.

ముందు ఆ అక్షరాల సంగతి. మొదటిది రికార్డ్ చేసింది టేపు మీదా డిజిటల్‌గానా, రెండోది మిక్సింగ్, ఎడిటింగ్ దేంతో చేశారు, మూడోది మాస్టర్, అంటే డిస్కులు ముద్రించడానికి వాడే చివరి ప్రతి, దేంతో తయారైంది అని చెబుతాయి. ఏ అంటే అనలాగ్, డీ అంటే డిజిటల్. సీడీ కాబట్టి మూడోది ఎప్పుడూ డీనే. 1959లో డిజిటల్ రికార్డింగే లేదు కాబట్టి మీ దానికి మొదట ఏ ఉండి తీరాలి. బాగుందా లేదా అనేదానికీ ఈ అక్షరాలకీ సంబంధం లేదు, చాలామంది డీడీడీ అని చూసి గొప్ప అనుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. కైండ్ ఆఫ్ బ్లూ విషయంలో వెర్షన్ పట్టించుకోవడానికి నిజమైన కారణం ఒకటుంది. న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ల 30వ వీధి స్టూడియోలో రెండు రోజుల్లో దీన్ని రికార్డ్ చేశారు, 1959 మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఇంకోసారి. మార్చి 2న వాడిన టేప్ మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపును సరైన వేగంతో ప్లే చేస్తే ఏమవుతుంది? పాట కాస్త వేగంగా, శృతి కాస్త పైకి వస్తుంది. ఆ రోజు చేసిన మూడు పాటలు సో వాట్, ఫ్రెడ్డీ ఫ్రీలోడర్, బ్లూ ఇన్ గ్రీన్ అప్పటి ఎల్పీ రికార్డుకి మొదటి వైపున ఉన్నాయి, అవన్నీ ముప్పై ఏళ్లకు పైగా అలా పై శృతిలోనే జనం విన్నారు. రికార్డుతో కలిసి వాయించి సాధన చేద్దామనుకున్నవాళ్లు తమ వాయిద్యంలోనే లోపముందనుకుని ఉంటారు పాపం. 1992లో వచ్చిన బంగారు డిస్కులో దీన్ని సరిచేశారు, 1997లో వచ్చిన మామూలు రీఇష్యూలో, అంటే మళ్లీ విడుదల చేసినదాంట్లో, కూడా సరైన వేగమే ఉంది.

ఇంట్లో పరీక్ష చేయడం తేలిక. ఫోన్‌లో గిటార్ ట్యూనర్ యాప్ ఒకటి వేసుకోండి, సో వాట్‌లో బేస్ వాయిస్తున్నప్పుడు స్పీకర్ దగ్గర పెట్టండి. ఆ పాట డీ స్వరం ఆధారంగా నడుస్తుంది. ముల్లు డీ దగ్గర నిలబడకుండా మాటిమాటికీ పై వైపుకి జరుగుతుంటే మీది పాతది. తర్వాత ఆల్ బ్లూస్ పెట్టి చూడండి, అది ఏప్రిల్‌ది, అందులో ముల్లు బుద్ధిగా ఉంటుంది. ఇంకా సులువైన గుర్తు కావాలంటే వెనకాల ట్రాక్‌లు లెక్కపెట్టండి. 1997 రీఇష్యూలో ఫ్లమెంకో స్కెచెస్ ఇంకో టేక్, అంటే అదే పాటని ఇంకోసారి వాయించినది, ఆరో ట్రాక్‌గా చేర్చారు. స్నేహితుడికి ఆ ఆరు ట్రాక్‌లది ఇవ్వండి, నిశ్చింతగా ఉండొచ్చు.

జపాన్ డిస్కుల గురించి కూడా ఒక మాట. పట్టీని ఓబీ అంటారు, కలెక్టర్లకి అది ప్రాణం, సంగీతానికి దాంతో పని లేదు. ఎస్‌హెచ్‌ఎం, బ్లూ స్పెక్ లాంటి పేర్లు డిస్క్ తయారుచేసిన ప్లాస్టిక్ గురించో తయారీ పద్ధతి గురించో చెప్పేవే. లోపల ఎక్కించిన డేటా 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, మామూలు సీడీలో ఉన్నట్టే. ఒకే మాస్టర్ నుంచి వచ్చిన మామూలు డిస్కునీ ఈ ఖరీదైనదాన్నీ కంప్యూటర్‌లోకి రిప్ (కాపీ) చేసి పోల్చితే అంకెలు అవే వస్తాయి. మరి కొన్ని జపాన్ డిస్కులు బాగుంటాయంటారే అంటే, వాటికి వాడిన టేపో, మాస్టరింగో వేరై ఉంటుంది. కాబట్టి ఏ ప్లాస్టిక్ అని అడక్కండి, ఏ టేపు, ఎవరు మాస్టర్ చేశారు, ఎప్పుడు, అని అడగండి.

ఇంకోటి, రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు. రీమాస్టర్ అంటే అప్పట్లో కలిపి ఉంచిన మిక్స్‌నే మళ్లీ శుభ్రంగా ఎక్కించడం. రీమిక్స్ అంటే విడివిడి ట్రాక్‌ల దాకా వెనక్కి వెళ్లి మొత్తం కొత్తగా కలపడం. మైల్స్‌దే బిచెస్ బ్రూ ఉంది చూశారా, 1970 ఆల్బమ్, దాన్ని 1998 బాక్స్ సెట్ కోసం రీమిక్స్ చేశారు. శుభ్రంగానే ఉంది, కానీ ఎల్పీతో పెరిగినవాళ్లకి అది వేరే ఆల్బమ్‌లా అనిపిస్తుంది. నాకు పాత మిక్సే ఇష్టం, ఆ మసకలోనే దాని మజా ఉంది.

ఊరికేవింటా:

పైన పెద్దాయన చెప్పిందంతా నిజమే, కాదనను. కానీ కొత్తగా వింటున్న మనిషికి ముల్లు ఎటు జరిగిందో చూడమని ట్యూనర్ చేతికిస్తే రేపటి నుంచి పాట వినడం మానేసి ముల్లునే చూస్తూ కూర్చుంటారు. కొత్తచెవి గారు, మీరు పాట అయ్యేదాకా కదల్లేదన్నారు చూశారా, అది జరిగింది ఆ "తప్పు" వేగంలోనే అయ్యుండొచ్చు. దాంతో మీకేమైనా నష్టం జరిగిందా?

తర్వాత ఏం వినాలి అన్నారు కాబట్టి నాకు తోచినవి చెబుతాను. డేవ్ బ్రూబెక్ టైమ్ అవుట్, ఇది కూడా 1959దే. అందులో టేక్ ఫైవ్ మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. సాక్సాఫోన్ వాయించిన పాల్ డెస్మండ్ రాసిందది, అయిదు మాత్రల లెక్క. మన ఖండచాపు "తక తకిట" అయితే ఇది తిరగేసి "తకిట తక" అని నడుస్తుంది. ఒకసారి పియానో వరసని అనుసరిస్తూ చేత్తో తాళం వేస్తూ వినండి, డ్రమ్స్ సోలో మొదలయ్యాక కూడా తప్పకుండా వేయగలిగితే మీకు జాజ్ సగం వచ్చినట్టే.

గొంతు కావాలంటే ఎల్లా ఫిట్జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి పాడిన ఎల్లా అండ్ లూయీ, 1956. ఒకరిది పట్టు, ఒకరిది గరుకు కాగితం, రెండూ ఎలా కలిశాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పియానో ఆస్కార్ పీటర్సన్. ఇంటిపని చేసుకుంటూ వినడానికి ఇంతకన్నా మంచి సీడీ లేదు.

కాస్త హుషారు కావాలంటే డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ ఆల్బమ్ మోనిన్. దీంతో ఒక తమాషా జరిగింది. నేను కొన్నది ఆర్‌వీజీ ఎడిషన్ అని ఉన్నది, పెట్టగానే పాట రాలేదు, ఎవరో ట్రంపెట్ మీద కాస్త ఊదడం, ఏవో మాటలు. డిస్క్ తేడాగా ఉందనుకుని తీసేసి తుడిచి మళ్లీ పెట్టాను, మళ్లీ అదే! తర్వాత వెనకాల చదివితే తెలిసింది, మొదటి ట్రాకే అదట, ట్రంపెట్ లీ మోర్గన్, రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ (ఆర్‌వీజీ అంటే ఈయనే) స్టూడియోలో మాట్లాడుకున్న ముక్క. కలెక్టర్లకి అది పండగేమో, నాకైతే ప్రతిసారీ రెండో ట్రాక్‌కి దూకడం అలవాటైపోయింది.

బోనస్ ట్రాక్‌ల గురించి కూడా ఇదే నా గోల. అప్పటి ఎల్పీలు చాలావరకు నలభై నిమిషాలే. సీడీలో 74 నిమిషాలు పడతాయి కదా అని మిగిలిన చోటంతా అదే పాట రెండో టేక్, మూడో టేక్ నింపుతారు. చివర్లో పెడితే సరే, ఆపేసుకుంటాం. కొన్ని సెట్లలో పాట వెనకే దాని ఇంకో టేక్, దాని వెనకే మధ్యలో ఆగిపోయిన టేక్. సాక్సాఫోన్ వాయించే ఛార్లీ పార్కర్‌ది కంప్లీట్ అని ఒక బాక్స్ ఎంతో సరదాపడి కొన్నాను, మూడు నిమిషాల పాటలే కదా, ఒకే పాట మొదలవుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. చదువుకునేవాళ్లకి అది బంగారమే కావచ్చు గానీ నాకు తలనొప్పి. అందుకే కంప్లీట్ అన్న మాట కనపడితే రెండుసార్లు ఆలోచించండి.

కొత్తచెవి:

ఇద్దరికీ థాంక్స్. ట్యూనర్ పరీక్ష రాత్రికి చేస్తాను, ఆగలేను ఇక. నాలుగు ఆల్బమ్‌లు రెండు డిస్కుల్లో పెట్టినవి ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేదు. తక్కువలో ఎక్కువ వస్తున్నప్పుడు అవి తీసుకుంటే తప్పేంటి?

పాత78లు:

తప్పేం లేదు గానీ అవి ఎందుకు వస్తున్నాయో తెలుసుకుని కొనండి. యూరప్‌లో రికార్డింగుల హక్కులు ఒకప్పుడు 50 ఏళ్లే ఉండేవి. తర్వాత 70కి పెంచారు, కానీ అప్పటికే గడువు దాటిపోయినవాటికి హక్కులు తిరిగి రాలేదు. అంటే 1962 చివరి దాకా విడుదలైన జాజ్ అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు, జాజ్‌లో సగం బంగారం ఆ కాలానిదే. ఇలా వేసేవాళ్ల దగ్గర అసలు టేపులు ఉండవు, మార్కెట్లో దొరికే సీడీ నుంచో ఎల్పీ నుంచో ఎక్కించేస్తారు. కొందరు శ్రద్ధగా చేస్తారు, కొందరు గరగర పోవాలని నాయిస్ రిడక్షన్ ఎంత వేస్తారంటే డ్రమ్స్‌లోని సింబల్స్ మోత కూడా దాంతోపాటే పోతుంది. నేను కొన్న ఒకదాంట్లో రెండు పాటల పేర్లు తారుమారు, ఇంకో ఆల్బమ్ చివరి పాట చోటు చాల్లేదని ఏకంగా రెండో డిస్క్‌లోకి తోసేశారు. రుచి చూడ్డానికి అయితే చాలు. నచ్చిన ఆల్బమ్ మళ్లీ సరైనది కొనాల్సి వస్తుంది, అది ముందే లెక్కలో వేసుకోండి.

అయితే 1920ల, 30ల సంగీతం దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. అక్కడ అసలు టేపే లేదు, ఉన్నది 78 ఆర్‌పీఎం రికార్డులు. కాబట్టి హక్కులు ఎవరివన్నది కాదు, మంచి రికార్డు సంపాదించి సరైన ముల్లుతో ఎవరు ఎక్కించారన్నదే లెక్క. ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాలతో 1925 నుంచి 1928 దాకా చేసినవి ఉన్నాయి, వాటికి ఇంగ్లండ్‌లో జేఎస్‌పీ అనే చిన్న లేబుల్ వేసిన నాలుగు సీడీల సెట్ ఉంది. జాన్ ఆర్. టి. డేవిస్ ఎక్కించారు. గరగర ఉంటుంది, కానీ ఆ వెనకాల కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాయిద్యం) మనిషి ఊపిరితో సహా నిలబడి ఉంటుంది. పెద్ద కంపెనీల డిస్కులు కొన్నిటికన్నా నాకు అదే నచ్చింది.

సీడీ వల్లే బతికిన ఒక ఆల్బమ్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎల్లింగ్టన్ ఎట్ న్యూపోర్ట్, డ్యూక్ ఎల్లింగ్టన్ తన పెద్ద బ్యాండుతో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో చేసిన కచేరీ. 1956 జులై 7, అప్పటికి ఎల్లింగ్టన్ పని అయిపోయిందని జనం అనుకుంటున్న రోజులు. డిమినుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ అనే పాట మధ్యలో పాల్ గాన్సాల్వెస్ టెనర్ సాక్స్ పట్టుకుని 27 కోరస్‌లు (పాట ఒక చుట్టు తిరిగితే ఒక కోరస్) ఏకధాటిగా వాయించేశాడు, జనం లేచి డాన్సులు. తీరా చూస్తే ఆయన నిలబడి వాయించింది కొలంబియా వాళ్ల మైకు ముందు కాదు, పక్కనే ఉన్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు! అందుకే ఎల్పీలో ఆ సోలో ఎక్కడో దూరం నుంచి వినిపిస్తుంది. పైగా ఆ ఎల్పీలో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు అతికించినదే. ఎన్నో ఏళ్ల తర్వాత రేడియో టేపు బయటపడింది. దాన్ని ఒక పక్క, కొలంబియా టేపును ఇంకో పక్క పెట్టి, రెండు మోనోలను జత చేసి స్టీరియో తయారుచేశారు, 1999లో రెండు సీడీలుగా వచ్చింది. ఊరికేవింటా గారు కంప్లీట్ అంటే భయపడమన్నారు, ఇది కంప్లీటే, కానీ దీన్ని వదిలేస్తే మాత్రం మీకే నష్టం. పాత ఎల్పీలో గాన్సాల్వెస్ పక్కింట్లో వాయిస్తున్నట్టుంటుంది, ఇందులో మన గదిలోకి వచ్చి నిలబడతాడు.

ఊరికేవింటా:

ఒప్పుకున్నాను, అది నా దగ్గరా ఉంది. ఇంకో మినహాయింపు కూడా ఇస్తాను, పియానో వాయించే బిల్ ఎవాన్స్ ట్రయో (ముగ్గురి బృందం) న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించిన సెట్, మూడు సీడీలు. 1961 జూన్ 25, ఒకే ఆదివారం, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వాయించింది వాయించినట్టు వరసగా ఉంటుంది. మొదటి పాట మధ్యలో కరెంటు పోయి శబ్దం తెగిపోతుంది కూడా, దాన్నీ అలాగే ఉంచారు. గ్లాసులు తగులుకునే చప్పుడు, వెనకాల ఎవరివో కబుర్లు, ఎదురుగా ఏం జరుగుతోందో వాళ్లకి తెలియనే తెలియదు. బేస్ వాయించిన స్కాట్ లఫారో రెండు వారాలు తిరక్కుండానే కారు ప్రమాదంలో పోయాడు, 25 ఏళ్లే. మొదటిసారికి మాత్రం ఆ రోజు వాయించినవాటిలోంచే వచ్చిన వాల్ట్జ్ ఫర్ డెబీ ఒక్క సీడీ చాలు.

గీతలడాక్టర్:

సెకండ్ హ్యాండ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా వంతు. కొనండి, భయం లేదు. అందరూ డిస్క్ తిప్పి మెరిసే వైపు గీతలు చూస్తారు. నిజానికి ఎక్కువ చూడాల్సింది బొమ్మ ఉన్న వైపు. డేటా చదివించే అల్యూమినియం పూత ఆ బొమ్మకి సరిగ్గా కిందే ఉంటుంది, పైన పలచటి లక్క పొర తప్ప రక్షణ లేదు. మెరిసే వైపు ఒక మిల్లీమీటరు పైన ప్లాస్టిక్ ఉంటుంది, చిన్న గీతల్ని ప్లేయర్ సర్దుకుపోతుంది, అవసరమైతే పాలిష్ పట్టించొచ్చు. బొమ్మ వైపు గీత పూత దాకా దిగితే ఇక అంతే. డిస్క్‌ని లైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి, సూదిమొనల్లా వెలుగు చుక్కలు ఎక్కువగా కనపడితే, లేదా అంచు నుంచి రాగి రంగు లోపలికి పాకుతుంటే వదిలేయండి.

పాత డబుల్ సీడీల లావుపాటి కేసుల్లో ఒక స్పాంజి ముక్క పెట్టేవారు, డిస్క్ కదలకుండా. దాన్ని చూసిన వెంటనే తీసి పారేయండి. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఓ బాక్స్ ఏళ్ల తర్వాత తెరిస్తే స్పాంజి జిగురుగా మారి డిస్క్‌కి అతుక్కుపోయింది, మెల్లగా లాగితే బొమ్మతో పాటు పూత కూడా ఊడొచ్చింది. ఆ చోట ఇప్పుడు డిస్క్‌లోంచి అవతలి గోడ కనపడుతుంది.

ఏ కాలం ముద్రణో తెలియాలంటే మెరిసే వైపు మధ్య రంధ్రం చుట్టూ ఉన్న రింగులో చిన్న అక్షరాలు చూడండి, ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకోవచ్చు. ఐఎఫ్‌పీఐ అని ఒక కోడ్ ఉంటే 1994 నుంచి తర్వాతది. కేసు, కాగితాలు పాతవే ఉండి లోపల డిస్క్ కొత్తది కావడం మామూలే, కేసులు మారిపోతుంటాయి. ఇంకో చిక్కు, 80ల నాటి కొన్ని డిస్కుల్లో ప్రీ ఎంఫసిస్ అని ఉంటుంది, హై శబ్దాన్ని పెంచి ఎక్కించడం. ప్లేయర్ దాన్ని గుర్తుపట్టి తగ్గిస్తుంది, కంప్యూటర్‌లోకి రిప్ చేసినప్పుడు మాత్రం తగ్గకపోవచ్చు. పాత డిస్క్ ప్లేయర్‌లో హాయిగా ఉండి కంప్యూటర్‌లో చెవుల్లో గుచ్చుతుంటే డిస్క్‌ని తిట్టకండి, అది చూసుకోండి.

కొత్తచెవి:

పరీక్ష అయింది. నాది అయిదు ట్రాక్‌లది. సో వాట్‌లో ముల్లు డీ దాటి పైకే పోతోంది, నేనే తప్పుగా పట్టుకున్నానేమో అని మూడుసార్లు చూశాను. ఆల్ బ్లూస్‌లో బుద్ధిగా నిలబడింది! రింగులో ఐఎఫ్‌పీఐ లేదు. స్నేహితుడికి ఆరు ట్రాక్‌లది ఆర్డర్ పెట్టాను, ఎందుకో తెలియదు, నాకూ ఒకటి పెట్టాను. దాంతో టైమ్ అవుట్ కూడా. ఆ అట్టపెట్టెలో స్పాంజి ఉన్న లావు కేసు ఒకటి నిజంగానే ఉంది, వెంటనే తీసేశాను, డిస్క్ బతికే ఉంది.

రింగునంబర్లు:

పాత అయిదు ట్రాక్‌లది మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. రెండూ ఒకదాని వెనక ఒకటి పెట్టి విన్నాక ఏది నచ్చిందో ఇక్కడ రాయండి. నాకూ సరిగ్గా ఇలాగే మొదలైంది, ఇప్పుడు నా దగ్గర అదే ఆల్బమ్ ఏడు ఉన్నాయి.